స్ప్లెండర్ ట్యాపెట్ గ్యాప్ ఇంట్లో చూసుకోవచ్చా? చూసుకోవచ్చు, కింది మూత కూడా విప్పితే

మాస్టారూ, మీ ప్రశ్న చదివాను. మీది కార్బురేటర్ స్ప్లెండర్, 46 వేల కిలోమీటర్లు తిరిగింది. ఉండేది ఒడిశా కొండల్లో శెమిలిగుడలో, స్కూలు పొట్టంగి వైపు. నెలకి రెండు మూడుసార్లు సుంకి ఘాట్ దిగి సాలూరు వెళ్ళొస్తారు. పొద్దున్న స్టార్ట్ చేయగానే హెడ్ దగ్గర టిక్ టిక్ అని వినిపిస్తోంది. ఊళ్ళో మెకానిక్ "ట్యాపెట్ కొంచెం టైట్ చేస్తే పోతుంది" అన్నాడు. ఆ ట్యాపెట్ గ్యాప్, అంటే వాల్వ్‌కీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య ఉండే సందు, ఇంట్లో మనమే చూసుకోవచ్చా, దానికేం కావాలి, చెయ్యి తేడా పడితే ఇంజన్ పాడవుతుందా అని మీరడిగారు.

చూసుకోవచ్చు. ఒక ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకుల కట్ట), నాలుగు పానాలు, రాత్రంతా చల్లారిన ఇంజన్, ఒక ఆదివారం పొద్దున్న గంటన్నర తీరిక ఉంటే చాలు. చూడటం వేరు, సెట్ చేయడం వేరు. చూసినంతమాత్రాన ఏదీ పాడవదు. కొలత సరిగ్గా ఉంటే మూతలు పెట్టేసి మీ పని మీరు చూసుకోవచ్చు. తేడా ఉంటే సెట్ చేయాలా, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళాలా అన్నది అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ఇంకో మాట ముందే చెప్పేస్తాను, మిగతాది చదవకపోయినా ఇది గుర్తుంచుకోండి. శబ్దం పోవాలని ట్యాపెట్ టైట్ చేయించకండి. ట్యాపెట్ లూజైతే శబ్దం చేసి మనకి చెబుతుంది. టైటైతే ఏమీ చెప్పదు. చప్పుడు లేకుండా వాల్వ్ కాలిపోతుంది.

నేను పార్వతీపురంలో పని నేర్చుకుని రాయగడ వచ్చి షెడ్డు పెట్టి 27 ఏళ్ళవుతోంది. ఈ కొండ ప్రాంతంలో తిరిగే 100 సీసీ బళ్ళే నా చేతిలో ఎక్కువ పడ్డాయి. అందుకే మీ బండి గురించి ధైర్యంగా రాస్తున్నాను.

ఈ గ్యాప్ ఎందుకు ఉంటుందో తెలిస్తే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. గాలీ పెట్రోలూ లోపలికి వదిలే ఇన్‌లెట్, కాలిన గ్యాస్ బయటికి వదిలే ఎగ్జాస్ట్ అని ఇంజన్‌కి రెండు వాల్వ్‌లు, తలుపుల్లాంటివి, ఉంటాయి. వాల్వ్ కాడ మీద రాకర్ అనే చిన్న చెయ్యి ఉంటుంది. క్యామ్ అనే ఉబ్బు ఉన్న ఇరుసు తిరిగినప్పుడు రాకర్ వాల్వ్‌ని కిందికి నొక్కి తెరుస్తుంది. నొక్కనప్పుడు వాల్వ్ తన సీటు మీద గట్టిగా, పూర్తిగా కూర్చోవాలి. ఇంజన్ వేడెక్కినప్పుడు కాడ సాగుతుంది. ఆ సాగే చోటు కోసమే రాకర్‌కీ కాడకీ మధ్య వెంట్రుకంత ఖాళీ వదులుతారు. కార్బురేటర్ స్ప్లెండర్‌కి ఇన్‌లెట్‌కీ ఎగ్జాస్ట్‌కీ చల్లటి ఇంజన్ మీద 0.05 మి.మీ. పెడతాం. గడ్డం గీసుకునే బ్లేడు మందం 0.1 మి.మీ. ఉంటుంది. అందులో సగం అన్నమాట. మీ బండితో వచ్చిన పుస్తకంలో మీ మోడల్‌కి వేరే అంకె ఉంటే దాన్నే పట్టుకోండి.

ఎగ్జాస్ట్ వాల్వ్ మంటలోనే బతుకుతుంది. కాలిన గ్యాస్ అంతా దాని పక్కనుంచే బయటికి పోతుంది. ఆ వేడి తగ్గించుకోవడానికి దానికున్న పెద్ద దారి సీటే. మూసుకున్న కాసేపట్లో సీటుని అంటుకుని వేడిని హెడ్‌లోకి వదిలేస్తుంది. ఘాట్ ఎక్కుతూ ఇంజన్ 5,000 ఆర్‌పీఎంలో ఉంటే ఆ వాల్వ్ నిమిషానికి 2,500 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. గ్యాప్ లేకపోతే మూసుకున్నట్టే ఉంటుంది కానీ పూర్తిగా కూర్చోదు. వేడి పోయే దారి ఉండదు, పైగా ఆ సందులోంచి మంట దూసుకుపోతుంటుంది. కొన్నాళ్ళకి అంచు కాలి ముక్క ఊడుతుంది.

ఇంకొకటి చాలామంది తలకిందులుగా అనుకుంటారు. బండి తిరిగేకొద్దీ ట్యాపెట్ లూజే అవుతుందని వాళ్ళ లెక్క. రాకర్, క్యామ్, రాకర్ చివర గ్యాప్ సరిచేసే స్క్రూ మొన అరిగితే లూజవుతుంది, అది నిజమే. కానీ వాల్వ్, సీటు అరిగితే వాల్వ్ ఇంకాస్త లోపలికి కూర్చుంటుంది. అప్పుడు కాడ పైకి వస్తుంది, గ్యాప్ తగ్గుతుంది. నా షెడ్డులో చూసినంతవరకు కొండలెక్కే బళ్ళలో ఎగ్జాస్ట్ గ్యాప్ తగ్గడమే ఎక్కువ. అంటే మీరేమీ ముట్టుకోకపోయినా అది దానంతటదే టైటవుతూ ఉండొచ్చు.

గుణుపురం దగ్గరి ఒక ఊరినుంచి పెరుగు అమ్ముకునే ఒకాయన ఒకసారి బండి తెచ్చాడు. "సౌండే లేదు, కొత్త బండిలా ఉంది, కానీ లాగట్లేదు" అన్నాడు. రెండు నెలల ముందు ఎక్కడో ట్యాపెట్ సౌండ్ తీయించుకున్నాడట. కిక్ మీద కాలు పెట్టి నెమ్మదిగా నొక్కాను. అడ్డు లేకుండా వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది, అంటే లోపల గాలి బిగువు నిలవట్లేదు. టీ మార్కు (పిస్టన్ పైకి వచ్చిందని చెప్పే గీత) మీద పెట్టి ఎగ్జాస్ట్ రాకర్ పట్టుకుంటే కదల్లేదు, గ్యాప్ సున్నా. హెడ్ దింపితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు ఒక పక్క బిస్కెట్ కొరికినట్టు ఉంది. కొత్త వాల్వ్, సీటు పని, గాస్కెట్, మూడు రోజులు బండి లేకపోవడం. ఆ మూడు రోజులూ ఆయన పెరుగు కుండలు బస్సులో తీసుకెళ్ళాడు. ఒక్క పానా తిప్పుతో మొదలైంది ఇదంతా. అందుకే ఈ విషయం నేను ఎవరికైనా గట్టిగానే చెబుతాను.

మీ టిక్ టిక్ ట్యాపెట్‌దేనా? అది ముందు తేల్చుకోండి. ట్యాపెట్ శబ్దం సన్నగా, సమంగా, గడియారంలా వస్తుంది. ఐడిల్‌లో విడివిడిగా లెక్కపెట్టగలిగేలా ఉంటుంది, రేజ్ చేస్తే అదే లెక్కలో వేగం పెరుగుతుంది. టైమింగ్ చైన్ లూజైతే శబ్దం గరగరమంటూ ఉంటుంది, ముఖ్యంగా రేజ్ చేసి వదిలినప్పుడు ఎడమ పక్క నుంచి గలగలలాడుతుంది. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన హెడ్‌కి ఆనించి పిడి చెవి దగ్గర పెట్టుకుంటే ఎక్కడిదో పట్టుకోవచ్చు. పొద్దున్న వినిపించి రెండు మూడు నిమిషాల్లో సర్దుకునే చిన్న టిక్ టిక్ అయితే టెన్షన్ పడాల్సింది లేదు. ఆయిల్ పైదాకా ఎక్కాక తగ్గిపోతుంది. అయినా కొలిచి చూస్తే మనసు కుదుటపడుతుంది.

కావాల్సిన సామాన్లు చెబుతాను. ట్యాపెట్ మూతలకి 17 రింగు పానా. లాక్ నట్‌కి 9 రింగు. స్క్రూ తల పలకగా, 3 మి.మీ. చదరంగా ఉంటుంది, దానికి ట్యాపెట్ కీ అని చిన్నది దొరుకుతుంది. కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని తిప్పేవాళ్ళున్నారు, అలా చేస్తే తల నలిగిపోతుంది, ఆ కీ కొనుక్కోండి. ప్లగ్ పానా బండి టూల్ కిట్‌లోనే ఉంటుంది. క్రాంక్ (పిస్టన్‌ని ఆడించే ఇరుసు) తిప్పడానికి 14 సాకెట్. పాత గుడ్డలు, చిన్న పళ్ళెం, కిరోసిన్‌లో ముంచిన పాత టూత్ బ్రష్.

ఫీలర్ గేజ్ మీరు సాలూరులో కొనండి. లారీల ఊరు కాబట్టి అక్కడి స్పేర్ పార్ట్స్ షాపుల్లో తప్పకుండా ఉంటుంది, లారీ ఇంజన్ల ట్యాపెట్లకీ ఇదే వాడతారు. కానీ లారీ వాళ్ళకి కావాల్సింది మందపు రేకులు. మనకి కావాల్సింది సన్నవి. కొనేముందు విప్పి మొదటి రేకు చూడండి. 0.05 ఉండాలి, 0.04, 0.06 కూడా ఉన్న సెట్ దొరికితే ఇంకా మంచిది. ఆ సన్న రేకు సిగరెట్ డబ్బాలో వెండి కాగితంలా ఉంటుంది, బలవంతం చేస్తే మడతపడుతుంది. ఒకసారి మడత పడ్డ రేకు మళ్ళీ నిజం చెప్పదు. వాడే ముందు తుడిచి, వాడాక ఒక చుక్క ఆయిల్ రాసి పెట్టండి.

ఇంజన్ చల్లగా ఉండాలి. చెయ్యి పెడితే కాలకపోవడం కాదు, రాత్రంతా ఆగి ఉండాలి. కంపెనీ ఇచ్చే అంకె చల్లటి ఇంజన్‌కి. స్కూలు నుంచి వచ్చి గంటాగి చూస్తే అది కొలత కాదు. మీకు శెమిలిగుడలో పొద్దున్న చల్లగానే ఉంటుంది. మా రాయగడలో మే నెలలో నేను ఈ పని ఆరింటికే మొదలుపెడతాను, ఎండ బండి మీద పడకముందే. అందుకే "ఇప్పుడే వచ్చాను, ట్యాపెట్ చూసేయండి" అనేవాళ్ళని బండి రాత్రికి వదిలేసి వెళ్ళమంటాను. కొందరికి కోపం వస్తుంది. అయినా ఈ ఒక్కదానిలో నేను తగ్గను.

ఇక పని. సెంటర్ స్టాండు వేసి, న్యూట్రల్‌లో పెట్టి, తాళం తీసేయండి. మూతల చుట్టూ ఉన్న మట్టి కిరోసిన్ బ్రష్‌తో కడిగి పొడిగా తుడవండి. మన వైపు ఎర్రమట్టి సన్నది, మూత తీయగానే లోపలికి రాలుతుంది. ఆ మట్టి క్యామ్ మీద పడితే మీరు గ్యాప్ చూసిన లాభమంతా పోతుంది. ప్లగ్ తీసేయండి, అప్పుడు క్రాంక్ చేతికి తేలిగ్గా తిరుగుతుంది.

ఎడమ పక్క మ్యాగ్నెట్ కవర్ మీద రెండు గుండ్రటి మూతలుంటాయి, నడుమ పెద్దది, పైన చిన్నది. వాటి గాడి చిన్న స్క్రూడ్రైవర్‌తో తిప్పితే నలిగిపోతుంది. పాత మందపాటి 5 రూపాయల బిళ్ళని ప్లేయర్‌తో పట్టుకుని తిప్పండి, బాగా వస్తుంది. పెద్ద దానిలోంచి 14 సాకెట్ పెట్టి అపసవ్యంగా, అంటే గడియారానికి వ్యతిరేకంగా తిప్పాలి. ఇంజన్ నడిచేది కూడా అటే. పై చిన్న రంధ్రంలోంచి చూస్తుంటే మ్యాగ్నెట్ మీద గీతలు కనిపిస్తాయి. ఎఫ్ అని ఒకటి, టీ అని ఒకటి. మనకి టీ కావాలి. ఎఫ్ ఇగ్నిషన్‌ది, దానికీ మనకీ సంబంధం లేదు. టీ గీత రంధ్రం అంచున ఉన్న గుర్తుకి ఎదురుగా వచ్చి ఆగాలి. కొంచెం దాటిపోతే వెనక్కి తిప్పకండి, ఇంకో రెండు చుట్లు ముందుకే తిప్పి మళ్ళీ రండి.

ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. పిస్టన్ పైకి రావడం నాలుగు స్ట్రోకుల్లో రెండుసార్లు జరుగుతుంది. ఒకటి కంప్రెషన్ చివర, అప్పుడు రెండు వాల్వ్‌లూ మూసి ఉంటాయి. ఇంకోటి ఎగ్జాస్ట్ చివర, అప్పుడు ఒకటి మూసుకుంటూ, ఒకటి తెరుచుకుంటూ రెండూ కాస్త తెరిచే ఉంటాయి. టీ మార్కు రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది. మనకి కావాల్సింది కంప్రెషన్.

నేను నేర్చుకునే రోజుల్లో టీ మార్కు చూశాను కదా అని ఎగ్జాస్ట్ చివరే ట్యాపెట్లు పెట్టేశాను. రాకర్లు వాల్వ్‌లని నొక్కుతూ ఉన్నాయి, గ్యాప్ రావడం లేదని స్క్రూలు వదులు చేస్తూ పోయాను. బండి స్టార్ట్ చేస్తే రేకుల షెడ్డు మీద వడగళ్ళు పడ్డట్టు మోత. మా గురువుగారు ఒక్క మాట అనలేదు. ప్లగ్ విప్పించి, ఆ రంధ్రం మీద నా బొటనవేలు పెట్టించి, తను నెమ్మదిగా క్రాంక్ తిప్పారు. మొదటిసారి టీ వచ్చినప్పుడు వేలి కింద ఏమీ తెలియలేదు. రెండోసారి గాలి వేలిని నెట్టేసి ఫస్సుమని బయటికొచ్చింది. "ఆ నెట్టిందే టీ" అన్నారు. ఆ తర్వాత నాకెప్పుడూ ఆ తప్పు జరగలేదు. మీరూ అలాగే చేయండి, ఏ పుస్తకం అక్కర్లేదు. వేలిని గాలి నెడుతున్నప్పుడు వచ్చే టీ మీద ఆపండి. తర్వాత మూతలు తీసి రెండు రాకర్లనీ వేళ్ళతో ఆడించి చూడండి. రెండూ కొంచెం కొంచెం కదలాలి. ఒకటి బిగిసిపోయి ఉంటే ఇంకో పూర్తి చుట్టు తిప్పి మళ్ళీ చూడండి. అప్పుడూ అదే బిగిసి ఉంటే, మీ వాల్వ్ నిజంగానే టైట్.

ఇక మూతలు. స్ప్లెండర్ సిలిండర్ దాదాపు పడుకుని ఉంటుంది. కాబట్టి ఇన్‌లెట్ మూత పైన, ఎగ్జాస్ట్ మూత కింద. పైది కళ్ళెదుటే ఉంటుంది, రెండు నిమిషాల పని. కింద దానికి నేల మీద కూర్చోవాలి, విప్పగానే కాస్త ఆయిల్ కారుతుంది, గేజ్ కింది నుంచి పెట్టాలి, కంటికి సరిగ్గా ఆనదు. అందుకే తొందరలో ఉన్న వాళ్ళు పైది చూసి, కింద దాన్ని చెవితో వినేసి ఊరుకుంటారు. కాలిపోయేది మాత్రం కింద దానిదే. 'ట్యాపెట్లు చూశాం' అన్నాక నా దగ్గరికి వచ్చిన బళ్ళలో కింది మూత చుట్టూ పాత మట్టి అట్టకట్టి చెక్కు చెదరకుండా ఉన్నవి ఎన్ని చూశానో. మీ బండి ఎవరికైనా ఇచ్చినా, తెచ్చుకున్నాక ఆ మూత చుట్టూ ఒకసారి చూడండి. విప్పారో లేదో ఆ మట్టే చెబుతుంది.

కాబట్టి కింద పళ్ళెం పెట్టి, చిన్న పీట వేసుకుని కూర్చుని, ఫోన్ టార్చి వెలుగులో తీరిగ్గా ముందు కింద దాన్నే చూడండి. ఓపిక ఉన్నప్పుడే కష్టమైన పని చేయాలి.

0.05 రేకుని స్క్రూ మొనకీ వాల్వ్ కాడకీ మధ్య పెట్టండి. నెట్టకండి, జరపండి. సరైన గ్యాప్ ఎలా ఉంటుందంటే, పుస్తకం అట్టకీ బల్లకీ మధ్య ఇరుక్కున్న కాగితాన్ని లాగుతున్నట్టు. వస్తుంది, కానీ సన్నగా పట్టు తెలుస్తుంది. ఊరికే జారిపోతే లూజు. దూరకపోతే టైట్. ఆ పట్టు చేతికి అలవాటయ్యేదాకా నమ్మకం లేకపోతే ఒక పద్ధతుంది. 0.04 తేలిగ్గా వెళ్ళాలి, 0.06 వెళ్ళకూడదు. రెండూ నిజమైతే మీ గ్యాప్ 0.05 దగ్గరే ఉంది, చెయ్యి ఏమనుకున్నా పర్వాలేదు. రేకు అడ్డంగా ఒంకరపోకుండా తిన్నగా ఉండాలి. రాకర్‌ని పక్కకి కదిపితే వచ్చే ఆటని గ్యాప్ అనుకోకండి, అది షాఫ్ట్ మీది ఆట. మనకి కావాల్సింది పైకీ కిందికీ.

46 వేలు తిరిగిన బండి కాబట్టి ఇంకో జాగ్రత్త. స్క్రూ మొన మీద చిన్న గుంట పడి ఉండొచ్చు. రేకు ఆ గుంట మీద వంతెనలా పడుకుంటుంది. రేకు బిగువుగానే ఉన్నా లోపల అసలు గ్యాప్ ఎక్కువ ఉంటుంది. కొలత సరిగ్గా ఉండి కూడా టిక్ టిక్ పోకపోతే నేను మొదట చూసేది ఇదే. స్క్రూ మార్చుకుంటే సరిపోతుంది, పెద్ద ఖర్చు కాదు.

కొలత బాగుంటే ఇక్కడితో ఆపేయండి. కొత్తగా గేజ్ చేతికొచ్చిన సరదాలో బాగున్నదాన్ని విప్పి మళ్ళీ పెట్టడం అనవసరం.

తేడా ఉంటే, సెట్ చేయడం ఇలా. 9 రింగుతో లాక్ నట్ పావు చుట్టు వదులు చేయండి, మొత్తం విప్పొద్దు. కీతో స్క్రూని తిప్పండి. ఆ స్క్రూ మర చాలా సన్నది, పూర్తి చుట్టు తిప్పితే దాదాపు సగం మిల్లీమీటర్ కదులుతుంది. అంటే 0.05 అంటే చుట్టులో పదోవంతు. గడియారం ముల్లు 12 నుంచి 1 దాటి కొంచెం వెళ్ళినంత, అంతే. కాబట్టి తిప్పుతున్నట్టు కాక కదుపుతున్నట్టు చేయండి. రేకు లోపలే ఉంచి, పట్టు తెలియగానే ఆపి, కీని కదలకుండా పట్టుకుని నట్టు బిగించండి. నట్టు బిగిస్తున్నప్పుడు స్క్రూ కూడా దానితో కాస్త కదులుతుంది. ఎంత అనుభవం ఉన్నా ఇది తప్పదు. అందుకే బిగించాక మళ్ళీ కొలవాలి. నాకు ఇప్పటికీ మొదటిసారికే కుదిరేది సగంసార్లే. మీకు నాలుగైదుసార్లు పట్టినా కంగారు పడకండి. నట్టు చిన్నది, పొట్టి పానాతో మణికట్టు బలంతో బిగిస్తే చాలు. మోచెయ్యి బలం వాడితే మర తెగుతుంది, వదులుగా వదిలేస్తే నడుస్తుండగా ఊడుతుంది.

0.05కీ 0.06కీ మధ్య ఊగిసలాడుతుంటే ఎటు వదలాలి అని మీకు అనుమానం వస్తుంది. ఎగ్జాస్ట్ అయితే కాస్త లూజు వైపే వదలండి. ఘాట్ బండికి నేనలాగే చేస్తాను. కొంచెం శబ్దం ఉంటుంది. ఉండనివ్వండి.

అంతా అయ్యాక క్రాంక్ రెండు పూర్తి చుట్లు తిప్పి, మళ్ళీ కంప్రెషన్ టీ మీదకి తెచ్చి, రెండూ ఇంకొక్కసారి కొలవండి. ఈ చివరి కొలతనే నమ్మండి. మూతల రబ్బరు రింగులు గట్టిపడి ఉంటే మార్చేయండి, చవకే. కొత్తదానికి ఆయిల్ రాసి పెట్టండి. మూత మొదట చేత్తోనే మర ఎక్కించి చివర్లో మాత్రం పానా వాడండి, అల్యూమినియం మర పోతే హెడ్ పనే. కారిన ఆయిల్ ఎంతో చూసి లెవెల్ సరిచూడండి. ప్లగ్ పెట్టే ముందు దాని రంగు చూడటం మరిచిపోకండి, ఎలాగూ విప్పారు కదా.

ఎన్నాళ్ళకోసారి? మైదానంలో తిరిగే బండి అయితే 8,000కి చూసినా ఫర్వాలేదంటాను. మీరు ఘాట్ ఎక్కుతారు కాబట్టి 5,000, 6,000 మధ్య. దానికో నోటుపుస్తకం పెట్టండి, తేదీ, కిలోమీటర్లు, రెండు కొలతలు. మీరు టీచరు కాబట్టి మీకు ఇది కొత్త కాదు. రాయగడలో ఒక లైన్‌మన్ నా దగ్గర ఈ పని నేర్చుకుని తనే చేసుకుంటున్నాడు. ఆయన పుస్తకంలో ఇన్‌లెట్ ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది, ఎగ్జాస్ట్ ప్రతిసారీ కొంచెం కొంచెం తగ్గుతూ వచ్చింది. మూడు కొలతలు చూడగానే వాల్వ్ సీటు అరుగుతోందని తెలిసిపోయింది. ఒకసారి కొలిస్తే ఇవాళ ఎలా ఉందో తెలుస్తుంది, వరసగా రాస్తే ఎటు పోతోందో తెలుస్తుంది. సెట్ చేసిన వెయ్యి కిలోమీటర్లకే మళ్ళీ టైటైతే ఇక స్క్రూ తిప్పడం ఆపి హెడ్ దింపించండి.

ఇది చదివి వేరే బండి వాళ్ళు కూడా పానా పట్టుకునే అవకాశం ఉంది కాబట్టి ఒక మాట. పల్సర్ 150కి ఇదే పద్ధతి, కానీ ఇన్‌లెట్ 0.05, ఎగ్జాస్ట్ 0.10. ఒక బండి అంకె ఇంకో బండికి వాడకండి. 2009లో మొదలైన రాయల్ ఎన్‌ఫీల్డ్ పాత క్లాసిక్ 350కి (యూసీఈ అనే ఇంజన్ ఉన్నదానికి) ఆయిల్ ఒత్తిడితో గ్యాప్ తనే సర్దుకునే హైడ్రాలిక్ ట్యాపెట్లు, వాటికి చేత్తో గ్యాప్ పెట్టేదేమీ లేదు. ఇంకా పాత ఇనప సిలిండర్ బుల్లెట్‌కి గేజే అక్కర్లేదు, పుష్ రాడ్ వేళ్ళతో తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. కేటీఎం డ్యూక్ లాంటి వాటికి స్క్రూ ఉండదు, షిమ్ అని చిన్న బిళ్ళలు మార్చాలి. కొలవడం వరకు ఇంట్లో చేయొచ్చు, మార్చడం మాత్రం తెలిసినవాళ్ళకే వదలండి.

మాస్టారూ, మొదటిసారి ఆదివారమే పెట్టుకోండి, సోమవారం పొద్దున్న స్కూలుకి వెళ్ళే ముందు వద్దు. చూడటం మాత్రమే చేయండి, స్క్రూ ముట్టుకోకండి. రెండు అంకెలూ రాసి ఇక్కడ పెట్టండి, కింద దానిది ముందు. కిక్ నెమ్మదిగా నొక్కితే కాలికి అడ్డు తగులుతోందో లేదో కూడా రాయండి. అవి చూసి సెట్ చేయాలో వద్దో చెబుతాను.